పెంచుకున్నాను అనే మాట

ఒక ఆదివారం మధ్యాహ్నం మా వెనక వీధి పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే కూలబడింది.

"అల్లుడిని ముద్దాయిని సేసీసినారమ్మా," అంది. "నానెప్పుడైనా అలాగనీసి సెప్పానా? ఆడు తప్పేటి సేసినాడు?"

నాకు మొదట ఏమీ బోధపడలేదు. ఆవిడ మీద కేసు వేసిందే ఆ అల్లుడు. వేసినవాడు ముద్దాయి ఎలా అవుతాడు? మంచినీళ్ళిచ్చి మెల్లగా అడిగితే అసలు సంగతి తెలిసింది. రెండు రోజుల కింద కోర్టు వరండాలో నిలబడి ఉండగా, ముసలి గుమాస్తా ఒకాయన అల్లుడి తరఫు వకీలును చూపిస్తూ "ముద్దయీ కా వకీల్" అన్నాడట. ఆ ఒక్క మాటా ఆవిడ చెవిలో పడింది. ఆ రాత్రీ మర్నాడూ అన్నం సహించలేదు.

నాకు నవ్వు ఆగలేదు. మా జంషెడ్‌పూర్ కోర్టుల్లో పాతకాలపువాళ్ళు ముద్దయీ అనేది కేసు వేసినవాడిని. అదే మాట ఎప్పుడో మన తెలుగులోకి వచ్చి, దారిలో తిరగబడి, కేసు ఎదుర్కొనేవాడి పేరైంది. ఆ సంగతే చెప్పాను. వాళ్ళ మాట ప్రకారం అల్లుడికేమీ కాలేదనీ, మన మాట ప్రకారం ముద్దాయి అంటూ ఉంటే అది ఆవిడేననీ అన్నాను.

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నానైతే పరవానేదు," అని లేచి వెళ్ళిపోయింది.

ఆవిడ మాకు చుట్టం కాదు. పలాస దగ్గర పల్లెనుంచి కొత్తకోడలిగా ఈ ఊరు వచ్చిన మనిషి. మా నాన్నా, ఆవిడ భర్తా ఒకే షాపులో పనిచేశారు. షాపంటే కొట్టు కాదు, కర్మాగారంలో ఒక విభాగం. ఆ పెద్దాయన పోయాక ఒక్క కూతురి పెళ్ళి చేసింది. అల్లుడిది ఇచ్ఛాపురం అవతల, తెలుగూ ఒడియా కలిసిపోయిన ఊరు. మనవరాలు ఇంకా పాలు తాగే వయసులో ఉండగానే కూతురు జ్వరంతో చనిపోయింది. అప్పట్లో అల్లుడికి కాంట్రాక్టు పని. ఈ నెల ఒక ఊరు, పై నెల ఇంకో ఊరు, నలుగురితో కలిసి ఒకే గది. పిల్లను తెచ్చి అత్తగారి చేతుల్లో పెట్టి వెళ్ళాడు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. అతనికి రూర్కెలాలో ఖాయం ఉద్యోగం వచ్చింది. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, క్వార్టరు దొరికింది. ఇక నా కూతుర్ని నా దగ్గరికి పంపండి అన్నాడు. పెద్దమ్మ వద్దని అనలేదు, సరేనని కూడా అనలేదు. ఫోన్లో మాట్లాడుకున్నంతసేపూ బాగానే ఉండేది. తరవాత రెండు వైపులనుంచీ చుట్టాలు తలో మాటా వేశారు. గొంతులు లేచాయి. ఆఖరికి అతను కోర్టుకు వెళ్ళాడు. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఇద్దరికీ ఆ పిల్ల కావాలి.

నేను ఇక్కడే పుట్టాను. బళ్ళో హిందీ, పుస్తకాల్లో ఇంగ్లీషు, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు. అక్షరాలు మాత్రం అమ్మ నేర్పింది, బియ్యం ఏరుకుంటూ, పళ్ళెం అంచున వేలితో రాసి చూపించి. ఇప్పుడు ఒక లా కాలేజీలో పాఠం చెబుతాను. న్యాయచరిత్ర అనే పేపరు ఒకటుంది. మిగతావాళ్ళెవరూ తీసుకోక అది నాకు వచ్చింది. మధ్యయుగాల ఐరోపాలో కోర్టులు ఎలా నడిచాయో జంషెడ్‌పూర్ పిల్లలకు చెప్పాలి. మధ్యాహ్నం క్లాసు. సగంమంది నిద్రలో ఉంటారు.

వాళ్ళు కళ్ళు తెరిచే చోటు ఒకటుంది. ఆ కాలపు ఇంగ్లండులో కోర్టు రాతలు లాటిన్‌లో ఉండేవి, వాదనలు ఫ్రెంచిలో జరిగేవి, బోనులో నిలబడిన రైతుకు వచ్చింది ఇంగ్లీషు ఒక్కటే. తనకు ఏ శిక్ష పడిందో పక్కవాడు చెబితే తప్ప తెలిసేది కాదు. జనానికి అర్థం కావడం లేదని చివరకు ఒక రాజు ఇంగ్లీషులోనే వాదించాలని చట్టం చేశాడు. ఆ చట్టాన్ని మాత్రం ఫ్రెంచిలో రాశారు. ఇది చెప్పగానే క్లాసంతా నవ్వుతుంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు, మరి మన దగ్గర ఇప్పుడు ఏం మారింది మేడమ్ అంటారు. నేను తరవాతి పేజీ తిప్పేసేదాన్ని.

పెద్దమ్మ మొదటిసారి సాక్ష్యం చెప్పిన రోజు నేను ఊళ్ళో లేను. ఆవిడకు బజారు హిందీ వచ్చు. కూరలు బేరం చేయగలదు, ఆటోవాడితో దెబ్బలాడగలదు. కోర్టు హిందీ వేరు. అందుకని తెలుగు తెలిసిన ఒక పెద్దమనిషిని వెతికి పట్టుకొచ్చారు. రైల్వేలో చేసి రిటైరైన ఆయన, కోస్తాలో ఇంకో మూలవాడు. పాపం, మంచి మనసుతోనే వచ్చాడు. పిల్ల మీ దగ్గరికి ఎలా వచ్చిందని అడిగితే పెద్దమ్మ "తల్లి నేని గుంటని నానే పెంచుకున్నాను" అంది. ఆయన దాన్ని "మైఁనే గోద్ లియా" అని హిందీలో చెప్పాడు. రాసుకున్నారు. తరవాత ఆ కోర్టు హిందీలోనే చదివి వినిపిస్తే ఆవిడ తల ఊపి, వేలిముద్ర వద్దని విడివిడి అక్షరాలతో సంతకం చేసింది.

గోద్ లియా అంటే దత్తత తీసుకున్నాను అని.

తెలుగులో పెంచుకున్న కూతురు అంటే దత్తత కూతురనే అర్థం ఉంది. కాబట్టి ఆయన తప్పు చెప్పాడని కూడా అనలేం. కానీ ఆ ఒక్క మాటతో కేసు పక్కదారి పట్టింది. తండ్రి బతికుండగా ఆయన ఇవ్వకుండా దత్తత ఎలా జరుగుతుంది, ఈవిడ కోర్టుకే అబద్ధం చెబుతోంది, అని అవతలి వకీలు పట్టుకున్నాడు. ఆ రోజు డ్యూటీలో ఉండి రాలేకపోయిన అల్లుడు తరవాత ఆ కాగితం చదువుకున్నాడు. అప్పటిదాకా వారానికోసారి ఫోన్ చేసేవాడు, అదీ మానేశాడు.

పెద్దమ్మ తరఫు లాయరమ్మ బెంగాలీ పిల్ల, సాక్చీలో ఆఫీసు. నాకు ఫోన్ చేసి, ఈ దత్తత సంగతి నాతో ముందు ఎందుకు చెప్పలేదో మీరైనా అడగండి అంది. నేను వెళ్ళి అడిగాను. పెద్దమ్మ వంకాయలు తరుగుతోంది. కత్తిపీట పక్కకు నెట్టి నా మొహంలోకి చూసింది.

"దత్తత ఏటమ్మా? సొంత మనవరాలిని ఎవులైనా దత్తత తీసుకుంతారా?"

"నువ్వు కోర్టులో అలా అన్నావని రాసుంది పెద్దమ్మా."

"ఆ మాట నాది కాదు," అంది.

ఆ వాక్యం పట్టుకుని ఇంటికి వచ్చాను. మర్నాడు నా క్లాసులో చెప్పవలసింది పాతకాలపు వక్తల గురించి. ఐరోపాలో చాలా పట్టణాల కోర్టుల్లో, ఫిర్యాదు చెప్పడానికి కట్టుదిట్టమైన మాటల వరస ఉండేది. నోరు జారి ఒక మాట తప్పితే కేసే పోయేది. అందుకని జనం తమ తరఫున మాట్లాడే మనిషిని వెంట తెచ్చుకునేవారు. అతను చెప్పడం పూర్తయ్యాక న్యాయాధికారి అసలు మనిషి వైపు తిరిగి, ఇతను చెప్పింది నీ మాటేనా అని అడిగేవాడు. అవును అంటే అది కట్టుబడే మాట. కాదు అంటే దిద్దుకోవచ్చు. ఇన్నేళ్ళుగా పరీక్షల కోసం చెబుతూ వచ్చిన ముక్క ఇది. ఆ రోజు చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. చాకులియా వైపు సంతాలీ పిల్ల, సాధారణంగా నోరు విప్పదు. వాళ్ళ నాన్న భూమి కేసులో ఇలాగే జరిగిందనీ, ఆయన సంతాలీలో చెప్పింది ఒకటైతే కాగితం మీద పడింది ఇంకొకటనీ చెప్పింది. అప్పుడు మాకెవరూ 'ఇది నీ మాటేనా' అని అడగలేదు మేడమ్, అడగాలని మాకూ తెలియదు అంది. క్లాసులో ఒక్కరు కూడా నిద్రపోవడం లేదు.

సాయంత్రం లాయరమ్మ ఆఫీసుకు వెళ్ళాను. మధ్యయుగాల కథంతా చెబితే ఓపిగ్గా విని, దీన్ని జడ్జిగారి ముందు చెప్పకండి అని నవ్వింది. కానీ మన చట్టంలోనూ సాక్షిని మళ్ళీ పిలిపించి అడిగే వీలుంది. దరఖాస్తు పెట్టింది. జడ్జిగారు ఒప్పుకున్నారు. లాయరమ్మ నా పేరివ్వడంతో దుబాసీగా నన్ను రమ్మన్నారు.

ఆ వారమంతా నాకు భయమే. నా తెలుగు ఇంటి తెలుగు. బయట పదిమందిలో మాట్లాడి ఎరగను. మా అబ్బాయి నాకు హిందీలోనే జవాబిస్తాడు, నేనూ సగం హిందీలోకి జారిపోతాను. స్నానం చేస్తూ, బిష్టుపూర్ బస్సులో కూర్చుని, పెద్దమ్మ మాటలను ఒక్కొక్కటే హిందీలోకి మార్చి చూసుకునేదాన్ని. చాలావరకు కుదిరేవి. ఆ ఒక్క మాట మాత్రం ఎటు తిప్పినా కుదిరేది కాదు.

కోర్టు రోజు అల్లుడు వచ్చాడు. కొడుకు వయసున్నవాడు, బాగా చిక్కిపోయాడు. పెద్దమ్మ అతణ్ణి చూసి అలవాటుగా తల మీద కొంగు సర్దుకుంది. అతను మొహం తిప్పుకున్నాడు.

నాచేత ప్రమాణం చేయించారు. అవతలి వకీలు లేచి, ఈ దుబాసీ ఆవిడకు పొరుగు మనిషి, ఈమె చెప్పింది ఎలా నమ్మడం అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. నేను పొరుగుదాన్నేనని ఒప్పుకున్నాను. జడ్జిగారు పెన్నుకు మూత పెట్టి, అల్లుడి వైపు చూశారు. మీకు తెలుగు వచ్చు కదా అని అడిగారు. వచ్చునన్నాడు. అయితే మీరు వింటూ ఉండండి, ఈమె ఎక్కడ తప్పు చెప్పినా అక్కడే ఆపండి అన్నారు.

నాకు క్లాసులో చెప్పే ఇంకో ముక్క గుర్తొచ్చింది. ఒకప్పుడు ఇంగ్లండు కోర్టుల్లో పరదేశి వర్తకుడి మీద కేసు వస్తే, తీర్పు చెప్పేవాళ్ళలో సగంమందిని అతని వైపు పరదేశులనుంచి తీసుకునేవారు. ఈ జడ్జిగారికి ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. మనసున్న న్యాయాధికారికి ఏ కాలంలోనైనా తోచే ఉపాయమే కావచ్చు.

పిల్ల ఎలా వచ్చిందని మళ్ళీ అడిగారు. పెద్దమ్మ బోను కమ్మీ పట్టుకుని నిలబడింది.

"మా పిల్ల పోయింది. ఈ గుంట పాల కోసం ఏడిసేది. అల్లుడికి పని ఊరూరా. ఆడే తెచ్చి నా సేతుల్లో ఎట్టినాడు. నాను పెంచుకున్నాను. ఆడి కూతుర్ని ఆడికి కాకుండా సేసుకోడానికి కాదు."

నేను హిందీలో చెప్పుకొచ్చాను. పెంచుకున్నాను దగ్గర ఆగి, ఈ మాటకు రెండు అర్థాలున్నాయని జడ్జిగారితో అన్నాను. ఒకటి దత్తత. రెండోది, దగ్గరుండి, తన బిడ్డలా సాకడం. మాట ఒకటే, ఏ అర్థమో చెప్పే మనిషిని బట్టి ఉంటుంది.

వకీలు వెంటనే, దుబాసీ తనకు అనుకూలమైన అర్థం ఎంచుకుంటోంది అన్నాడు. జడ్జిగారు మళ్ళీ అల్లుడినే అడిగారు. మీ ఇంట్లో ఈ మాట అంటే ఏమని అర్థం?

వకీలు వెనక్కి తిరిగి అతని చెవిలో ఏదో చెప్పబోయాడు. అల్లుడు చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు.

"పాల్‌కే బడా కియా, సార్," అన్నాడు. సాకి పెద్ద చేసిందని. "గోద్ లియా కాదు. నా చేతులతో నేనే ఇచ్చాను."

తరవాత అతను పెద్దమ్మ వైపు తిరిగాడు. కోర్టులో అలా మాట్లాడకూడదు, కానీ ఎవరూ ఆపలేదు. "నువ్వు నన్ను లేకుండా చేసేశావనుకున్నాను అత్తా. ఆ కాగితంలో అలా రాసుంది," అన్నాడు తెలుగులో.

"కాయితం నాకు సదవడం రాదు కదేటి బాబూ," అంది పెద్దమ్మ.

దాన్ని కూడా అనువాదం చేయాలా అని నేను జడ్జిగారి వైపు చూశాను. ఆయన తల ఊపారు. చెప్పాను.

పాత వాంగ్మూలం పక్కన దిద్దుబాటు రాయించారు. ఈసారి చదివి వినిపించేటప్పుడు ఒక్కో వాక్యం దగ్గర ఆగారు. నేను తెలుగులో చెప్పడం, ఆవిడ అవును నా మాటే అనడం. ఒకచోట ఆవిడ కాదంది. తిండికీ బట్టకీ లోటు లేకుండా చూశాను అని రాశారు. లోటు లేకుండా అని నానెక్కడన్నాను, ఒకో రోజు ఉండేది కాదు, అంది. అదీ దిద్దారు. అవతలి వకీలు కూడా చిన్నగా నవ్వాడు.

జడ్జిగారు పిల్లతో తన గదిలో విడిగా మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో తరవాత ఆటోలో ఆ పిల్లే హిందీలో గడగడా చెప్పింది. ఎవరి దగ్గర ఉంటావని అడిగారట. బడి ఇక్కడుంది, సెలవులు ఎక్కడైనా ఉంటాయి కదా అందట. పాపా ఇంట్లో ఎవరెవరున్నారో తనకు తెలియదనీ, చూస్తే కదా నచ్చేదీ లేనిదీ చెప్పేదనీ అందట. పెద్దమ్మ తెలుగులో అడుగుతోంది, పిల్ల హిందీలో చెబుతోంది, మధ్యలో నేను ఊరికే కూర్చున్నాను.

ఆపైన వాదనలు పెద్దగా జరగలేదు. లాయరమ్మా, అవతలి వకీలూ కూర్చుని రాజీ మాటలు రాశారు. హైస్కూలు పూర్తయ్యేదాకా పిల్ల అమ్మమ్మ దగ్గర. సెలవులన్నీ రూర్కెలాలో. తండ్రి ఎప్పుడు వచ్చినా గుమ్మం తెరిచే ఉండాలి. పిల్ల మనసు మారితే మళ్ళీ మాట్లాడుకోవాలి. ఆర్డరు మాత్రం ఇంగ్లీషులోనే వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి పెద్దమ్మ వాకిట్లో కూర్చుని మొదటినుంచి చివరిదాకా తెలుగులో చెప్పాను. అల్లుడు కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు, పెరట్లో పాడైన కుళాయి బాగుచేస్తూ. మధ్యలో ఒకసారి లోపలికి వచ్చి, ఆ ముక్క ఇంకోసారి చెప్పక్కా అన్నాడు. గుమ్మం గురించిన ముక్క.

సంతాలీ పిల్ల ఊరుకోలేదు. ఒక శనివారం నా దగ్గరికి వచ్చి, మన క్లాసులో ఎన్ని భాషలున్నాయో లెక్కపెట్టాను మేడమ్ అంది. సంతాలీ, హో, ఒడియా, బెంగాలీ, భోజ్‌పురీ, ఇంకా ఏవేవో. తెలుగుకు మీరున్నారు అంది. కోర్టు పనిమీద వచ్చేవాళ్ళకు సంతకం పెట్టేముందు వాళ్ళ కాగితాన్ని వాళ్ళ మాటలో చదివి చెబుదామన్నది ఆమె ఆలోచన. కాలేజీవాళ్ళు మొదట గొణిగి తరవాత ఒప్పుకున్నారు. ఇప్పుడు ఒక టీ కొట్టు పక్కన మాకు బెంచీ ఉంది. కొన్ని శనివారాలు ఎవరూ రారు, పిల్లలు టీ తాగి పాఠాలు చదువుకుంటారు. ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం మా పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. చదవడం అయ్యాక కాగితం మీద వేలు పెట్టి, ఇది మీ మాటేనా అని అడుగుతారు. ఆ ప్రశ్న నేను నేర్పానని వాళ్ళంటారు. నాకు నేర్పింది వంకాయలు తరుగుతున్న మనిషి.

మొన్న వేసవి సెలవులకు పిల్లను తీసుకెళ్ళడానికి తండ్రికి సెలవు దొరక్క ఆయన భార్యే వచ్చింది. నన్నూ స్టేషనుకు రమ్మంది పెద్దమ్మ. ఆ అమ్మాయిది సంబల్‌పూర్ వైపు, ఒడియా తప్ప ఇంకోటి సరిగ్గా రాదు. పెద్దమ్మకు ఒడియా రాదు. అవసరం పడుతుందేమోనని వెళ్ళాను. నాకూ ఒడియా అంతంతమాత్రమే.

ప్లాట్‌ఫారం మీద పెద్దమ్మ సంచీ విప్పి ఒక్కొక్కటే తీసి చూపించడం మొదలుపెట్టింది. ఇది పిల్లకు దగ్గొస్తే పాలల్లో కలపాలి, ఇది తలకు రాయాలి, రాత్రి పూట పెరుగు ఎట్టకు, పడదు. ఆ అమ్మాయి ఒక్కోటీ అందుకుని, ఒడియాలో ఏదో అడిగి, పక్కనున్న సంచీలో విడిగా సర్దుకుంటోంది. నేను మధ్యలో నోరు తెరిచాను. ఇద్దరూ నా వైపు చూడను కూడా లేదు. పిల్ల నా చెయ్యి పట్టుకుని లాగి, ఆంటీ, బండి వచ్చేలోపు నాకు చల్లగా ఏదైనా కొనిపెట్టండి, వాళ్ళది ఇప్పట్లో అవదు అంది.